రేపల్లె బండి ఆగిపోయిన గురువారాలు
లాక్‌డౌన్ కాలంలో మన ఆసుపత్రి మానసిక వైద్యం ఫోనులో ఎలా సాగింది?



గురువారం మా ఓపీకి ఒక గుర్తు ఉండేది. రేపల్లె నుండి వచ్చే ఉదయం బండి తెనాలి స్టేషనులో ఆగిన అరగంటకల్లా మా వరండాలోని బల్లలు నిండిపోయేవి. రేపల్లెలో ఎక్కినవారు, పల్లెకోన, భట్టిప్రోలు, వేమూరు స్టేషన్లలో ఎక్కినవారు. చేతిలో పాత మందుల చీటీ, సంచిలో అన్నం క్యారేజీ, పక్కన తోడు వచ్చిన తల్లో అన్నో. బాపట్ల వైపువారు మద్రాసు లైను బండ్లలో కాస్త ఆలస్యంగా చేరేవారు. మానసిక వైద్యులు గుంటూరు నుండి వారానికి ఒక్కరోజే వచ్చేవారు కాబట్టి, ఆ బల్లల మీద కూర్చునేవారు చాలామంది ఏళ్ల తరబడి ఒకరికొకరు తెలిసినవారే. డాక్టరు గారి గదిలో గడిపే పది నిమిషాలకంటే ఆ బల్ల మీద గడిపే రెండు గంటలే కొందరికి ఎక్కువ మేలు చేసేవని మాకు అప్పుడప్పుడు అనిపించేది.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ రోజుతోనే దేశమంతటా ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయాయి. 25వ తేదీ నుండి లాక్‌డౌన్. ఆ మరునాడు గురువారం. బల్లలు ఖాళీగా ఉన్నాయి. గుంటూరు నుండి డాక్టరు గారూ రాలేకపోయారు.

జ్వరానికి, దగ్గుకు ఏం చేయాలో ఆ రోజుల్లో అందరూ చెబుతున్నారు. టీవీ పెడితే అదే. కానీ పదేళ్లుగా మాత్రలతో నిలబడి ఉన్నవారి మాత్రలు అయిపోతే ఏమవుతుందన్న మాట ఎవరి నోటా రాలేదు. మా సిస్టర్ ఒకరు గురువారం రిజిస్టరు తీసి, ఎవరికి ఏ తేదీతో మందులు అయిపోతాయో పెన్సిలుతో గుర్తులు పెట్టడం మొదలుపెట్టారు. రెండు పేజీలు తిరగకముందే అర్థమైంది, ఏప్రిల్ మొదటి వారం దాటితే చాలామంది చేతిలో ఒక్క మాత్ర కూడా ఉండదని.

రిజిస్టరులోని నంబర్లు

ఫోను చేద్దామనుకోవడం తేలికే. ఎవరికి చేయాలి? రిజిస్టరులో రాసి ఉన్న నంబర్లలో కొన్ని మూడేళ్ల కిందటివి. ఒకటి రీచార్జి కొట్టువారిది. ఒకటి హైదరాబాదులో ఉండే అల్లుడిది. ఆయన లాక్‌డౌనులో అక్కడే చిక్కుకుపోయారు. ఇంకొకటి సంఘ కాపరిగారిది. రోగిని చేర్పించిన రోజు తోడు వచ్చింది ఆయనే కాబట్టి ఆయన నంబరే రాశాం. ఆ తర్వాతి వారాల్లో మాకు అందరికంటే ఎక్కువగా అక్కరకు వచ్చింది ఆ నంబరే అని ఇప్పుడు ఒప్పుకోవాలి. మందిరాలు మూసి ఉన్నా అయ్యగార్లు బియ్యం, కూరగాయలు పంచడానికి అనుమతితో ఊళ్లలో తిరుగుతున్నారు. బియ్యం సంచులతోపాటు మా మందుల పొట్లాలు కూడా కొన్ని ఇళ్లకు చేరాయి. పొట్లం మీద పేరు ఉండేది, మందు పేరు ఉండేది కాదు. అయ్యగారికి కూడా లోపల ఏముందో చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

ఫోనులో వైద్యం చేయడం చట్టప్రకారం సరైనదేనా అన్న సందేహం అంతవరకు మన దేశంలో వైద్యులందరికీ ఉండేది. దానికి జవాబు విచిత్రంగా లాక్‌డౌన్ మొదలైన రోజే వచ్చింది. 2020 మార్చి 25న భారత వైద్య మండలి స్థానంలో పనిచేస్తున్న పాలకవర్గం, నీతి ఆయోగ్‌తో కలిసి టెలిమెడిసిన్ నియమావళిని విడుదల చేసింది. దాని ప్రకారం రిజిస్టరైన ఏ వైద్యుడైనా ఫోను, వీడియో, లేదా రాసిన సందేశం ద్వారా రోగిని చూడవచ్చు. ఇద్దరూ ఒకరికొకరు ఎవరో తెలిసి ఉండాలి. ఆరు నెలలలోపు ముఖాముఖి చూసిన రోగి అదే జబ్బుకు మళ్లీ అడిగితే అది కొనసాగింపు వైద్యం కింద లెక్క. కొన్ని మందులు ఫోను మీద రాయవచ్చు, కొన్ని వీడియోలో చూశాకే రాయాలి, మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవి రాయనే కూడదు. ఆ తర్వాత బెంగుళూరులోని నిమ్‌హాన్స్, భారత మానసిక వైద్యుల సంఘం, టెలిమెడిసిన్ సంఘం కలిసి మానసిక వైద్యానికి ప్రత్యేకంగా మార్గదర్శకాలు రాశాయి. మన రాష్ట్రంలో 2020 ఏప్రిల్‌లో 14410 నంబరుతో టెలిమెడిసిన్ సేవ మొదలైంది.

ఇదేమీ ఆ ఏడాది పుట్టిన ఆలోచన కాదు. చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ 2010 నుండే పుదుక్కోట్టై జిల్లా పల్లెలకు ఒక బస్సును పంపి, బస్సులోని తెర మీద డాక్టరును చూపించి మందులు ఇచ్చేది. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ కంప్యూటర్లు ఇచ్చి, ఎవరు దిగులుతో ఉన్నారో ఇంటివద్దే అడిగి తెలుసుకునే పద్ధతిని లాక్‌డౌనుకు ముందే పరీక్షించి చూశారు. మనం మాత్రం అప్పటిదాకా పట్టించుకోలేదు. బండి నడుస్తోంది కదా అనుకున్నాం.

“ఆ మాత్ర ఏ రంగులో ఉందమ్మా?”

మొదటి వారాల్లో మేము ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. మందు పేరు చాలామందికి తెలియదు. తెలియవలసిన అవసరమూ ఇంతవరకు రాలేదు. తెల్లమాత్ర, గులాబి మాత్ర, సగం విరిచి వేసుకునేది. టచ్ ఫోను ఉన్నవారిని మాత్రల అట్టకు ఫోటో తీసి పంపమనేవాళ్లం. అట్ట చివర తేదీ దగ్గర కత్తిరించి ఉంటే పేరు సగమే కనిపించేది. చిన్న ఫోనువారితో అయితే పిల్లలెవరినైనా పిలిపించి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా చదివించేవాళ్లం. బాపట్ల దగ్గర ఒక ఊళ్లో నాలుగో తరగతి పాప తన నాయనమ్మ మందుల అట్టలన్నీ అలా చదివి వినిపించింది. ఆ పాప మాకు ఇప్పుడు కూడా ఫోనులోనే తెలుసు.

లిథియం వాడేవారి విషయంలో భయం ఎక్కువగా ఉండేది. ఒకసారి విపరీతమైన హుషారు, ఒకసారి లోతైన కుంగుబాటు వచ్చే జబ్బుకు ఇది మంచి మందు. కానీ రక్తంలో దీని మోతాదును అప్పుడప్పుడు పరీక్ష చేసి చూడాలి. తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే విషమవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు ఎండలు మీకు తెలుసు. చెమట పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మందు వేసుకునే లెక్క మారకపోయినా రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. ఒళ్లునొప్పులకు కొట్టులో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలవల్ల కూడా పెరుగుతుంది. అందుకని ఆ ఇళ్లకు ఫోను చేసి మజ్జిగ తాగుతున్నారా, ఉప్పు మానేశారా, వాంతులు విరేచనాలు ఉన్నాయా, చేతులు బాగా వణుకుతున్నాయా, మాట తడబడుతోందా, నడక తూలుతోందా అని వరుసగా అడిగేవాళ్లం. వీటిలో ఏదున్నా మందు ఆపి వెంటనే దగ్గరి ఆసుపత్రికి వెళ్లమనేవాళ్లం. క్లోజపిన్ వాడేవారికి తెల్లకణాల పరీక్ష తప్పదు. ఆ పరీక్ష ఎంత మాట్లాడినా ఫోనులో అవదు. రక్తం తీసేవారిని ఊరికి పంపాలి, లేకపోతే రోగిని తీసుకురావాలి. నెలకోసారి ఇచ్చే ఇంజెక్షను వాడేవారిదీ అదే బాధ. వారి కోసం దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నర్సులను బతిమాలుకున్నాం. కాదన్నవారు లేరు.

మందులు చేరవేయడం ఇంకో కథ. బస్సులు, రైళ్లు లేకపోయినా పాల వ్యాన్లు తిరిగాయి. ఆ డ్రైవర్లకు మేము ఎన్ని పొట్లాలు ఇచ్చామో లెక్క లేదు. ఒక్కటీ పోలేదు.

ఫోనును నమ్మని అబ్బాయి

రేపల్లె దగ్గర ఊళ్లో ఒక అబ్బాయి ఉన్నాడు. పేరు, ఊరు చెప్పం. మిగతా వివరాలు కూడా గుర్తుపట్టకుండా కొంత మార్చాం. అతనికి స్కిజోఫ్రీనియా. చెవిలో మాటలు వినిపించేవి. తనను ఎవరో గమనిస్తున్నారని భయం. మందులతో ఆరేళ్లు బాగానే ఉన్నాడు, ఇంటి దగ్గర చిన్న సైకిలు షాపు కూడా పెట్టుకున్నాడు. మార్చి చివరికి మందులు అయిపోయాయి. అతని తల్లి పక్కింటి ఫోను నుండి మిస్డ్ కాల్ ఇచ్చింది.

“వందనాలు సిస్టర్ గారూ. వాడు మూడు రోజులుగా నిద్రపోవట్లా. తలుపు గడియ తీయట్లా” అంది.

డాక్టరు గారిని కూడా లైనులో కలిపి అతనితో మాట్లాడదామంటే అతను ఫోను తీసుకోలేదు. కంటికి కనిపించని మనుషులు చెవిలో మాట్లాడటమే అతని జబ్బు. ఇప్పుడు మేము కూడా కంటికి కనిపించకుండా చెవిలో మాట్లాడతామంటున్నాం! ఆ సంగతి మాకు అతను గొడవ చేసేదాకా తట్టలేదు.

చివరికి తల్లి తలుపు సందులోంచి ఫోను లోపలికి జరిపింది. చాలాసేపటికి అతను అడిగాడు, “మీరు నిజంగా సిస్టరే అయితే గురువారం బల్ల మీద నా పక్కన ఎవరు కూర్చుంటారో చెప్పండి.”

సిస్టర్ పేరు చెప్పలేదు. ఒక రోగి పేరు ఇంకొకరికి చెప్పడం మాకు తగదు. “చిన్న రేడియో చెవి దగ్గర పెట్టుకునే తాతయ్యా? ఎప్పుడూ కిటికీ పక్కనే కావాలంటాడు” అంది.

అటునుండి జవాబు లేదు. కాసేపయ్యాక, “ఆయనకి మందులు అందినయ్యా?” అని అడిగాడు.

ఆ రోజు డాక్టరు గారు మాట్లాడగలిగారు. మందు మరునాడు పాల వ్యానులో వెళ్లింది. ఆ తర్వాత ప్రతి గురువారం ఫోను తీసిన వెంటనే అతను ఒక ప్రశ్న వేసేవాడు. వరండాలో ఎన్ని ఫ్యాన్లు? మందుల కిటికీ దగ్గర గోడ మీద ఏం రాసి ఉంటుంది? జవాబు సరిపోయాకే మాట. మేము దాన్ని జబ్బు లక్షణంగా కాగితం మీద రాయలేదు. ముఖం కనిపించనప్పుడు ఎవరితో మాట్లాడుతున్నామో రుజువు అడగడం తెలివైన పనే. టెలిమెడిసిన్ నియమావళి కూడా అదే చెబుతోంది కదా!

మేము చేసిన పొరపాటు

అన్నీ ఇలా కుదరలేదు. ఒకటి చెప్పుకోవాలి.

బాపట్ల వైపు ఒక గృహిణి కాన్పు తర్వాత వచ్చిన కుంగుబాటుకు మా దగ్గర మందు వాడుతోంది. ఆమెది చిన్న ఫోను. మందుల చీటీ ఫోటో పంపడానికి వేరే నంబరు అడిగితే, పక్కింటి కుర్రాడి వాట్సాప్ నంబరు ఇచ్చింది. మేము ఆలోచించకుండా పంపాం. చీటీ పైన మానసిక వైద్య విభాగం అని అచ్చువేసి ఉంటుంది. వారం తిరగకముందే ఆ వీధంతా తెలిసిపోయింది. పిల్లను ఆమె చేతికి ఇవ్వకూడదని ఇంట్లో గొడవ జరిగింది. ఆమె రెండు నెలలు మా ఫోను ఎత్తలేదు. మందూ మానేసింది.

ఆ తప్పు ఆమెది కాదు, ఆ కుర్రాడిది కూడా అనలేం. మాది. రోగి వివరాలు గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. ఆ చట్టం 2018 మే 29 నుండి అమలులో ఉంది, దాని ప్రతి మా ఆఫీసు బీరువాలోనే ఉంది. అప్పటినుండి చీటీని రోగి అనుమతితో నేరుగా మందుల షాపుకే పంపాం. పైన విభాగం పేరు తీసేశాం. చివరికి ఆమె ఇంటికి వెళ్లింది మా పాత నర్సు ఒకరు. రిటైరై బాపట్లలోనే ఉంటున్నారు. చీటీ సంగతి ఎత్తకుండా, పిల్లకు టీకాల కార్డు చూస్తానని వెళ్లి గంట కూర్చుని వచ్చారు. మూడోసారి వెళ్లినప్పుడు ఆమె మాట్లాడింది.

ఇంట్లో మాట్లాడే చోటు లేకపోవడం ఆడవాళ్లందరికీ ఉన్న ఇబ్బంది. ఒకే గది ఇల్లు, అందరూ ఇంట్లోనే, ఫోను భర్త చేతిలో లేదా స్పీకరులో. “బాగున్నావా అమ్మా?” అంటే “బాగున్నానండి” అని కాక ఇంకేమంటుంది? మేము అవును, కాదు అని జవాబు చెప్పగలిగేలా ప్రశ్నలు మార్చాం. రాత్రి నిద్ర పడుతోందా? అన్నం సయిస్తోందా? ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా? డాబా మీద బట్టలు తీసే వేళ, గేదెలకు కుడితి పెట్టే వేళ చూసి ఫోను చేసేవాళ్లం. మాట మధ్యలో ఎవరైనా వస్తే, “సరేనండి, మందు తెప్పిస్తాం” అని పెట్టేయమన్నాం.

సారా షాపులు మూసినప్పుడు

2020 మార్చి చివర మద్యం షాపులన్నీ మూతపడ్డాయి. మంచిదే కదా అని మనలో చాలామంది సంతోషించాం. కానీ ఏళ్ల తరబడి రోజూ తాగేవారికి ఒక్కసారిగా ఆగిపోతే ఒళ్లు తట్టుకోలేదు. ఆరేడు గంటల నుండే చేతులు వణకడం, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. రెండు రోజులలోపు మూర్ఛ రావచ్చు. రెండో రోజు నుండి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది, గోడ మీద లేని పురుగులు కనిపిస్తాయి, ఊళ్లో ఉన్నా ఏ ఊరో చెప్పలేరు. ఇది ప్రాణం తీసే స్థితి. దీన్ని ‘గాలి సోకింది’ అనుకుని కట్టేసి ఉంచిన ఇళ్లనుండి మాకు ఫోన్లు వచ్చాయి. ఆ ఫోన్లకు మేము ఒకే జవాబు చెప్పాం. ఇది ఫోనులో చేసే వైద్యం కాదు, 108కి చేయండి, ఆసుపత్రికి తీసుకురండి. అక్కడ థయమిన్ ఇంజెక్షను ఇస్తారు, మూర్ఛ రాకుండా మందు ఇస్తారు, కొద్దిరోజుల్లో తేరుకుంటారు.

మే 4న షాపులు తెరిచారు, ధరలు 75 శాతం పెంచారు. ఆ ఏడాది జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో, కరోనా కట్టడి వల్ల షాపులు మూసి ఉన్నప్పుడు శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. అది మనకు దూరపు ఊరేమీ కాదు. ఆ వార్త చదివిన రోజు మా దగ్గర చికిత్స తీసుకుంటున్న ప్రతి తాగుడు రోగి ఇంటికీ ఫోను చేశాం. శానిటైజరు సీసా ఎక్కడ పెట్టారని అడిగాం. కొందరు భార్యలు నవ్వారు, కొందరు ఏడ్చారు.

తాగుడును పాపం కిందనే లెక్కవేసే అలవాటు మన సంఘాల్లో ఉంది. దాన్ని వాదించడం మా పని కాదు. వణుకుతున్న మనిషిని మాత్రం ముందు ఆసుపత్రికి తీసుకురండి, మందలింపు తర్వాత చేద్దురుగాని.

ఒక గురువుగారి ఫోను

ఫోనులో మనసు బాధ వినడం అన్న పనిని మొదలుపెట్టినవారిలో ఒకరు చర్చి గురువే అని మన పాఠకులకు చెప్పాలి. ఇంగ్లండులో చాడ్ వరా అనే యువ గురువు 1935లో మొట్టమొదట చేయించిన సమాధి ఆరాధన 14 ఏళ్ల బాలికది. నెలసరి మొదలైతే అదేదో చెడ్డ జబ్బనుకుని, అడగడానికి ఎవరూ లేక ప్రాణం తీసుకుంది. ఆయన దాన్ని మరచిపోలేదు. 1953 నవంబరులో లండనులోని తన చర్చిలో ఒక ఫోను పెట్టి, చనిపోవాలనిపించేవారు ముందు నాకు ఫోను చేయండని పత్రికల ద్వారా తెలియజేశారు. వచ్చినవారు ఆయన కోసం బయట వేచి ఉంటే, సంఘంలోని సామాన్యులు టీ ఇచ్చి పక్కన కూర్చునేవారు. కొద్ది రోజులకు ఆయన గమనించింది ఏమిటంటే, చాలామంది టీ తాగి, మాట్లాడి, గురువుగారిని చూడకుండానే తేలికపడి వెళ్లిపోతున్నారు. అక్కడి నుండి పుట్టిందే సమారిటన్స్ సంస్థ.

మా గురువారం బల్ల గురించి పైన రాసింది ఇందుకే. లాక్‌డౌనులో మందులు పంపగలిగాం కానీ ఆ బల్లను పంపలేకపోయాం. ఐదారుగురిని ఒకే లైనులో కలిపి మాట్లాడించే ప్రయత్నం చేశాం. అందరూ ఒకేసారి మాట్లాడటం, ఎవరి ఇంట్లోనో కోళ్లు అరవడం. రెండు వారాలకు వదిలేశాం.

2021 వేసవి

మొదటి ఏడాది భయంతో గడిచింది. రెండో ఏడాది ఏప్రిల్, మే నెలలు ఏడుపుతో గడిచాయి. ఆక్సిజను కోసం, మంచం కోసం తిరిగిన రోజులు ఏ ఇంటికీ చెప్పనక్కరలేదు. సమాధి కార్యక్రమానికి నలుగురు కూడా చేరలేని పరిస్థితి. ముఖం చూడలేదు, పాట పాడలేదు, మట్టి వేయలేదు. కొన్ని కుటుంబాలకు మనిషి పోయాడన్నది నెలలు గడిచినా నమ్మకం కలగలేదు.

బాపట్లలో ఒక కుటుంబంలో తండ్రి పోయారు. తల్లికి జబ్బు తగ్గింది కానీ రాత్రంతా మేలుకుని ఉండేది, గదిలో అటూ ఇటూ తిరిగేది, మాట పెరిగింది. దుఃఖమే అనుకున్నారు. ఫోనులో అడుగుతూ పోతే, కోవిడ్‌కు ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు ఇంకా వేసుకుంటున్నారని తెలిసింది. ఆ మందు నిద్ర చెడగొట్టగలదు, మనసునూ కదిలించగలదు. వైద్యులు చెప్పిన పద్ధతిలో తగ్గిస్తూ ఆపాక ఆవిడ నిద్రపోయింది. నిద్రపోయి లేచాక అసలు దుఃఖం మొదలైంది. ఆ కుటుంబం ఆదరణ కూడికను ఫోనులోనే పెట్టుకుంది. అమెరికాలోని కొడుకు, బాపట్లలోని కూతురు, అయ్యగారు. ఒక గంటపాటు ఆయన గురించి ఒక్కొక్కరు ఒక్కొక్క సంగతి చెప్పుకున్నారు. ఇంట్లో ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోవట్లేదని కూతురు చెప్పిన తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదట. మాకు ఈ సంగతి ఆ తల్లే చెప్పింది.

కోవిడ్ మొదటి ఏడాదిలో ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు జబ్బులు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపింది. మన దేశంలో అంతకుముందే, నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక జబ్బుతో ఉన్నారని, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని తేలింది. లెక్కలు అలా ఉండగా, మన ఊళ్లలో ఇంకా ‘పిచ్చాసుపత్రి’ అన్న మాటే వాడుకలో ఉంది. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీవారి కుష్ఠు ఆసుపత్రి ఉన్న సంగతి పెద్దలకు తెలుసు. కుష్ఠు పేరు చెబితే ఇంటినుండి వెళ్లగొట్టిన రోజులు చూసినవారు ఇంకా ఉన్నారు. ఇది కూడా మందుతో నయమయ్యే జబ్బే అని అర్థం కావడానికి అక్కడ ఎన్నేళ్లు పట్టిందో వారిని అడగండి.

ఫోను వల్ల వచ్చిన ఒక మేలు ఇక్కడే ఉంది. ఆసుపత్రి మెట్లు ఎక్కుతుండగా ఎవరైనా చూస్తారని ఎన్నడూ రానివారు ఫోను చేశారు. ఒక స్కూలు మాస్టారు పదకొండేళ్లుగా ఉన్న భయం గురించి మొదటిసారి చెప్పారు. ఆయన్ను మేము ముఖాముఖి చూసింది ఏడాదిన్నర తర్వాత.

ఇప్పుడు

2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన, కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవను ప్రారంభించింది. నంబరు 14416. నిమ్‌హాన్స్ దీనికి కేంద్ర స్థానం. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చిన్న ఫోను నుండైనా చేయవచ్చు. ఫోను ఎత్తినవారు శిక్షణ పొందిన సలహాదారు. అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. ఈ పత్రిక చదివిన వెంటనే ఆ నంబరును గోడ మీద క్యాలెండరుకు రాసిపెట్టుకోండి. మీకోసం అని కాదు, ఇంటికి వచ్చేవారెవరైనా చూస్తారు.

ఎవరైనా “నేను లేకపోతేనే మేలు” అంటే, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అడగకపోవడం వల్లే లోపల ముదురుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పొలానికి తెచ్చిన పురుగుమందు ఇంట్లో ఉంటే ఆ రోజే బయట తాళం వేసిన చోటికి చేర్చండి. 14416కు చేయండి, లేదా ఆసుపత్రికి తీసుకురండి. మూర్ఛ, మతి తప్పడం, తిండీ నీళ్లూ పూర్తిగా మానేయడం, తనకో ఇతరులకో హాని చేసేలా ఉండటం వంటివి ఉంటే ఫోను పట్టుకుని కూర్చోవద్దు, బయలుదేరండి. కుంగుబాటు మందులు పనిచేయడానికి రెండు నుండి ఆరు వారాలు పడుతుంది, వారానికే లాభం లేదని మానవద్దు. బాగుందని కూడా చెప్పకుండా మానవద్దు. ప్రార్థన చేస్తున్నాం కాబట్టి మందులు ఆపామని చెప్పినవారికి వారి అయ్యగారే ఫోను చేసి, “ఆపమని నేను ఎప్పుడు చెప్పానమ్మా?” అని అడిగిన సందర్భం కూడా ఉంది. ఆయనకు మా వందనాలు.

రైళ్లు మళ్లీ నడిచాక రేపల్లె అబ్బాయి వచ్చాడు. బల్ల మీద కిటికీ పక్క చోటు వదిలి కూర్చున్నాడు. రేడియో తాతయ్య 2021 మే నెలలో కరోనాతో చనిపోయారు. ఆ సంగతి ఫోనులో చెప్పాలా వద్దా అని మేము చాలా ఆలోచించి, చెప్పలేదు. ఇప్పుడు సిస్టరే పక్కన కూర్చుని చెప్పింది. అతను చాలాసేపు కిటికీ వైపు చూసి, “రేడియో ఎవరి దగ్గర ఉంది?” అని అడిగాడు. మాకు తెలియదు.

అతను ఇప్పుడు రెండు నెలలకోసారి బండిలో వస్తాడు, మధ్య నెలలో ఫోను. గురువారం ఓపీ మామూలుగా ఉంది, ఫోను వైద్యం కూడా కొనసాగుతోంది. దూరం నుండి వచ్చేవారు వీలైతే ఒకసారి వచ్చి, ఒకసారి ఫోనులో చూపించుకోవచ్చు. వచ్చేటప్పుడు మిగిలిన మాత్రల అట్టలు కత్తిరించకుండా తెచ్చుకోండి. రిజిస్టరులో మీ నంబరుతోపాటు, మీరు నమ్మే మనిషి నంబరు ఇంకొకటి రాయించండి. దయచేసి రీచార్జి కొట్టువారిది వద్దు.